చేపకి జబ్బు చేస్తే ఉప్పా, వేడా, నీలం మందా?

బరంపురంలో గానీ, పర్లాకిమిడిలో గానీ, రాయగడలో గానీ రంగుచేపల షాపుకి వెళ్ళి "చేప డల్‌గా ఉంది, మేత ముట్టడం లేదు" అని చెప్పండి. చాలాసార్లు చేతికొచ్చేది మిథిలీన్ బ్లూ అనే నీలం మందు సీసాయే. షాపతన్ని తప్పు పట్టలేం. మనం చెప్పిన రెండు ముక్కల్లో జబ్బు ఏదో తేల్చే ఆధారం ఏదీ లేదు మరి.

చేపల విషయంలో ఒక జబ్బుకి ప్రాణం నిలిపే వైద్యం ఇంకో జబ్బుకి ప్రాణం తీస్తుంది. తెల్ల చుక్కల జబ్బుకి నీళ్ళు వేడెక్కించడం మంచి ఉపాయం. మూతి దగ్గర తెల్లగా పొర కట్టే కొలుమ్నారిస్‌కి అదే వేడి ఇస్తే రెండు రోజుల్లో చచ్చే చేప ఒక్క రాత్రిలో చస్తుంది. రెండూ తెల్లగానే ఉంటాయి, రెండూ చేప ఒంటి మీదే కనిపిస్తాయి. అందుకే ఏ మందు మంచిదని అడిగే ముందు, ఒకేలా కనిపించే జబ్బుల్లో మన చేపది ఏదో తేల్చుకోవాలి.

సీసా మూత తీసే ముందు

మొదటి పోటీ రెండు జబ్బుల మధ్య కాదు, జబ్బుకీ నీళ్ళకీ మధ్య. ఇళ్ళల్లో చచ్చే చేపల్లో చాలావాటికి క్రిమి ఏదీ పట్టి ఉండదు. నీళ్ళే విషమవుతాయి. చేప మలం, మిగిలిపోయిన మేత కుళ్ళి అమ్మోనియా అవుతుంది. ఫిల్టర్ స్పాంజిలో పెరిగే మంచి బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త తొట్టెలో ఆ బాక్టీరియా నిలదొక్కుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. తొట్టె కొన్న రోజే పది చేపలు వేస్తే రెండో వారంలో ఒక్కొక్కటే పైకి తేలడం అందుకే.

ఎలా పోల్చుకోవాలంటే, తొట్టెలో చేపలన్నీ ఒకేసారి నీరసించాయంటే నీళ్ళని అనుమానించండి. ఒకటో రెండో నీరసించి మిగతావి మేత కోసం ఎగబడుతున్నాయంటే జబ్బుని అనుమానించండి. ఇది నూటికి నూరు పాళ్ళూ నిలిచే సూత్రం కాదు గానీ, మొదటి అడుగు ఎటు వేయాలో చెబుతుంది.

అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ (నీళ్ళు ఆమ్లమో క్షారమో చెప్పే కొలత) చూసే డ్రాప్స్ టెస్ట్ కిట్ ఒకటి ఇంట్లో ఉండాలి. మందుల కంటే ముందు కొనాల్సింది అదే. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. పీహెచ్ ఎందుకంటే, అంతే అమ్మోనియా పీహెచ్ 7 దగ్గర ఉన్నప్పటికంటే 8 దగ్గర దాదాపు పది రెట్లు విషం. నీళ్ళు వేడెక్కినా ఆ విషం పెరుగుతుంది.

అమ్మోనియా కనబడితే మూడో వంతు నీళ్ళు మార్చి, మేత ఆపేయాలి. రెండు మూడు రోజులు తిండి లేకపోతే పెద్ద చేపకి ఏమీ కాదు. నైట్రైట్ కనబడితే నీళ్ళు మార్చడంతో పాటు లీటరుకి 1 గ్రాము ఉప్పు కలపండి. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల్లోంచి నైట్రైట్ లోపలికి పోకుండా అడ్డుపడుతుంది.

ఒక్క జాగ్రత్త. నెలల తరబడి నీళ్ళు మార్చని పాత తొట్టెలో పీహెచ్ బాగా పడిపోయి ఉంటుంది, అమ్మోనియా చేరినా విషం లేని రూపంలో దాక్కుంటుంది. అక్కడ ఒక్కసారే సగం నీళ్ళు మారిస్తే పీహెచ్ పైకి లేచి, దాక్కున్నదంతా విషమైపోతుంది. "నీళ్ళు మార్చాకే చచ్చిపోయాయండీ" అని చాలామంది అనేది ఈ తొట్టెల గురించే. అలాంటి చోట రోజుకి పదో వంతు చొప్పున వారం రోజులు మార్చండి.

కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. మూత లేని బకెట్లో ఒక రోజు ఉంచాలి, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి. బోరు నీళ్ళలో క్లోరిన్ ఉండదు గానీ ఆక్సిజన్ తక్కువ, బొగ్గుపులుసు గాలి ఎక్కువ. అవి కూడా రాత్రంతా ఎయిర్ పంపు పెట్టి మర్నాడు వాడుకోవడమే మేలు.

ఒకేలా కనిపించేవి

చేప పైకొచ్చి నోరు తెరుచుకుని గాలి మింగుతోందనుకోండి. తెల్లారగట్ల మాత్రమే అలా చేసి, పొద్దెక్కాక సర్దుకుంటే అది ఆక్సిజన్ కొరత. మొక్కలు ఎక్కువున్న తొట్టెల్లో రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి కాబట్టి ఇది మామూలే, రాత్రి ఎయిర్ పంపు నడిపితే చాలు. రోజంతా అన్ని చేపలూ అలా ఉంటే అమ్మోనియా, నైట్రైట్ చూడండి. నీళ్ళు బాగానే ఉండి, ఒకే చేప ఒక వైపు మొప్ప మూసుకుని, రెండో మొప్పతోనే ఊపిరి తీస్తూ రాళ్ళకేసి ఒళ్ళు రుద్దుకుంటుంటే మొప్ప పురుగుల్ని అనుమానించాలి. వాటికి ప్రాజిక్వాంటెల్ మందు. ఉప్పు, నీలం మందు వాటి మీద పెద్దగా పనిచేయవు.

చుక్కల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, పొరపాట్లన్నీ అక్కడే జరుగుతాయి. ఒక చలికాలం మా వీధిలో అబ్బాయి పరిగెత్తుకొచ్చాడు. "పిన్నీ, గోల్డ్ ఫిష్‌కి తెల్ల చుక్కలొచ్చీసాయి, నీలం మందు పోసీమంటావా?" వెళ్ళి చూస్తే చుక్కలున్న మాట నిజమే. కానీ తోక మీద ఒక్కటీ లేదు, వీపు మీద లేదు. రెండు వైపులా మొప్ప మూతల మీదా, ముందు రెక్క మొదటి ముల్లు పొడుగునా, అన్నీ ఒకే సైజులో, సమంగా, గట్టిగా కనిపిస్తున్నాయి. చేప హుషారుగా ఇంకో దాని వెంటపడి తిరుగుతోంది. "జబ్బు కాదురా నాన్నా, అది మగది, జతకట్టే ఈడొచ్చింది" అన్నాను. గోల్డ్ ఫిష్ మగవాటికి ఆ కాలంలో అక్కడ పొక్కుల్లా లేస్తాయి. కొన్నాళ్ళకి అవే పోతాయి. దేనికీ మందక్కర్లేదు.

నిజమైన తెల్ల చుక్కల జబ్బు, ఇక్ అంటారు, వరస పాటించదు. తోక, రెక్కలు, ఒళ్ళు, ఎక్కడ పడితే అక్కడ ఉప్పు రవ్వంత చుక్కలు లేస్తాయి. రోజురోజుకీ పెరుగుతాయి. చేప రెక్కలు ముడుచుకుని రాళ్ళకేసి రుద్దుకుంటుంది. దీన్ని తెచ్చేది ఇక్తియోఫ్తీరియస్ అనే పరాన్నజీవి. అది చేప చర్మం కింద దాక్కుని తిని బలుస్తుంది, రాలి తొట్టె అడుగుకి చేరి వందల పిల్లలుగా విడిపోతుంది. ఆ పిల్లలు ఒకటి రెండు రోజుల్లో ఇంకో చేపని పట్టుకోకపోతే చస్తాయి. మందు చంపగలిగేది నీళ్ళలో ఈదే ఆ పిల్లల్నే. చర్మం కింద ఉన్నదాన్ని ఏ మందూ తాకదు. మందు వేసిన మూడో రోజు చుక్కలు రాలిపోగానే "తగ్గిపోయింది" అని ఆపేస్తే వారంలో రెట్టింపై తిరిగొస్తుంది. చివరి చుక్క పోయాక కూడా కనీసం వారం కొనసాగించాలి.

మూడోది వెల్వెట్. చుక్కలు ఇంకా సన్నం, పసుపుపొడి చల్లినట్టు ఉంటుంది. గదిలో లైటు ఆర్పి చేపకి పక్క నుంచి టార్చి వేయండి. ఒంటి మీద బంగారు రంగులో, తుప్పు రంగులో మెరుస్తుంది. మామూలు వెలుతురులో చూస్తే ఏమీ కనబడకపోవచ్చు. ఫైటర్ చేపలకి ఎక్కువగా వస్తుంది. దీనికి రాగి మందు వాడతారు, తొట్టెకి గుడ్డ కప్పి చీకటి చేస్తారు, ఎందుకంటే ఆ క్రిమి వెలుతురుతో కూడా ఆహారం తయారుచేసుకుంటుంది. రాగి వేసిన నీళ్ళలో రొయ్యలూ నత్తలూ బతకవు, వాటిని ముందే తీసేయాలి.

ఇక తెల్లగా దూది పట్టేవి. బూజు అయితే పోగులు పొడుగ్గా, నీళ్ళలో నిలబడి ఊగుతుంటాయి. దెబ్బ తగిలిన చోటో, పొలుసు ఊడిన చోటో మొదలై నెమ్మదిగా పాకుతుంది. కొలుమ్నారిస్ అనే బాక్టీరియా అయితే పొట్టిగా, పొరలా, బూడిద తెలుపులో ఉంటుంది, అంచులు కొంచెం పసుపుగా ఉంటాయి. పెదాల చుట్టూనో, వీపు రెక్క కింద జీను వేసినట్టు అడ్డంగానో కనిపిస్తుంది. వేగమే అసలు గుర్తు. పొద్దున పెదవి మీద చుక్కంత ఉన్నది సాయంత్రానికి మూతి తినేస్తే అది బూజు కాదు. మోలీలు, గప్పీలు దీనికి ఎక్కువగా పోతాయి. బూజుకి ఉప్పు, మిథిలీన్ బ్లూ చాలు. కొలుమ్నారిస్‌కి యాంటీబయాటిక్ కావాలి. హీటర్ ఉంటే తగ్గించి నీళ్ళు 24 డిగ్రీల దగ్గర పెట్టాలి, వెంటనే వేరు చేయాలి.

పొట్ట ఉబ్బితే పక్క నుంచి కాదు, పై నుంచి చూడండి. పనసకాయ తొక్కలా పొలుసులన్నీ లేచి నిలబడితే అది డ్రాప్సీ. లోపల కిడ్నీ పాడై నీరు చేరింది. బతికేవి తక్కువ. వేరే టబ్బులో పెట్టి 20 లీటర్లకి 2 టీ స్పూన్ల ఎప్సమ్ సాల్ట్ వేస్తే నీరు కొంత లాగుతుంది. అది ఇంట్లో వాడే ఉప్పు కాదు, మెగ్నీషియం సల్ఫేట్. పొలుసులు నున్నగానే ఉండి, చేప పల్టీలు కొడుతూనో, తలకిందులుగానో తేలుతుంటే, ముఖ్యంగా గుండ్రటి గోల్డ్ ఫిష్ అయితే, అజీర్తి కావచ్చు. రెండు మూడు రోజులు పస్తు పెట్టి, ఉడికించి తొక్క తీసిన బఠాణీ చిన్న ముక్కలు వేయండి. ఆ తర్వాత మునిగే మేత వాడండి. తేలే గుళికలతో పాటు గాలి కూడా మింగుతాయవి.

పేను, యాంకర్ పురుగు కంటికి కనిపిస్తాయి కాబట్టి పోలిక పెద్దగా అక్కర్లేదు. చెరువు నీళ్ళు, చెరువు మొక్కలు తెచ్చి వేసిన తొట్టెల్లో ఎక్కువ. పురుగుని ట్వీజర్‌తో చర్మానికి దగ్గరగా పట్టి లాగాలి. చేప రోజురోజుకీ చిక్కిపోయి వెన్ను వంకరపోతే చేప క్షయ కావచ్చు. దాని బాక్టీరియా మన చేతి గాయాల్లోంచి మనకీ పుండ్లు తెస్తుంది. చెయ్యి తెగి ఉన్నప్పుడు తొట్టెలో పెట్టకండి.

ఏది ఎంచుకోవాలి

నా మటుకు నాకు మొదటి ఎంపిక ఉప్పే. చవక, ప్రతి ఇంట్లో ఉంటుంది, ఫిల్టర్ బాక్టీరియాకి ఈ మోతాదుల్లో హాని చేయదు. హుమ్మా ఉప్పు మడుల నుంచి వచ్చినదైనా, నౌపడ నుంచి వచ్చినదైనా శుభ్రమైన కల్లుప్పు సరిపోతుంది. చెంచాలతో కాదు, వంటింటి కాటా మీద తూచండి. తెల్ల చుక్కలకి లీటరుకి 2 నుంచి 3 గ్రాములు, అది కూడా ఒక్కసారే కాకుండా రెండు రోజుల్లో మూడు విడతలుగా, బయట కరిగించి పోయాలి. నీళ్ళు మార్చినప్పుడు తీసిన నీటికి సరిపడా ఉప్పే కలపాలి, ఎందుకంటే నీళ్ళు ఆవిరైనా ఉప్పు పోదు. కోరిడోరాస్, లోచ్ లాంటి పొలుసుల్లేని చేపలు ఉన్నా, మొక్కలున్నా ఉప్పు సగానికి తగ్గించండి, లేదా తెల్ల చుక్కలు కాని జబ్బయితే ఆ చేపని బయటికి తీసి వైద్యం చేయండి.

వేడిది రెండో స్థానం, అదీ తెల్ల చుక్కలేనని ఖాయం చేసుకున్నాకే. రెండు గంటలకి ఒక డిగ్రీ చొప్పున 30 డిగ్రీల వరకు తీసుకెళ్ళి రెండు వారాలు ఉంచితే చాలావరకు పరాన్నజీవి పెరగడం ఆగిపోతుంది. కానీ నీళ్ళు వేడెక్కిన కొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది, 25 డిగ్రీల్లో లీటరుకి 8 మిల్లీగ్రాములకి పైగా పట్టే నీళ్ళు 30 డిగ్రీల్లో ఏడున్నరే పడతాయి. ఎయిర్ పంపు లేకుండా వేడి పెట్టకూడదు. గోల్డ్ ఫిష్‌కి 30 వద్దు, 26 దగ్గర ఆపి ఉప్పు మీద ఆధారపడండి.

మిథిలీన్ బ్లూ చెడ్డ మందేమీ కాదు. గుడ్లకి బూజు పట్టకుండా, పైపైన పట్టిన బూజుకి, నైట్రైట్ విషానికి అది మంచిది. కానీ పెద్ద తొట్టెలో పోస్తే ఫిల్టర్‌లోని మంచి బాక్టీరియాని చంపుతుంది, సిలికాన్ జాయింట్లు శాశ్వతంగా నీలమైపోతాయి. జబ్బు తగ్గేలోపు అమ్మోనియా లేస్తుంది. దాన్ని టబ్బుకే పరిమితం చేయండి. తెల్ల చుక్కలు మొప్పల దాకా పాకి ఉప్పు, వేడి సరిపోకపోతే అప్పుడు మలకైట్ గ్రీన్, ఫార్మలిన్ కలిసిన మందు. చేతులకి గ్లవ్స్, గదిలో గాలి తప్పనిసరి. ఫార్మలిన్ సీసా అడుగున తెల్లటి మడ్డి కనిపిస్తే పారేయండి, ఆ మడ్డి చేపకి ఇంకా విషం. ఏ మందు వేసినా ముందు ఫిల్టర్‌లోంచి బొగ్గు తీసేయాలి, లేకపోతే మందంతా అదే పీల్చేస్తుంది.

యాంటీబయాటిక్ మాటకొస్తే, మెడికల్ షాపులో కొన్న మనుషుల క్యాప్సూల్ విప్పి తొట్టెలో చల్లడం ఊరూరా ఉన్న అలవాటు. దీనికి నేను గట్టిగా వద్దనే చెబుతాను. టెట్రాసైక్లిన్ లాంటివి గట్టి నీళ్ళలోని కాల్షియంతో అతుక్కుని పనికిరాకుండా పోతాయి. రెండు రోజులు వేసి ఆపేస్తే చావని బాక్టీరియా మొండికేస్తుంది. మిగిలిన నీళ్ళు కాలవలో కలుస్తాయి. మందు కలిపిన మేత రూపంలో, పశువైద్యుణ్ణి అడిగి, పూర్తి రోజులు ఇస్తేనే దానికి అర్థం. బరంపురం దగ్గర రంగైలుండలో మత్స్య కళాశాల ఉంది. చేప జబ్బుల్ని మైక్రోస్కోప్ కింద చూడటం నేర్పే చోటది, దగ్గరున్నవాళ్ళు ఫోటోలు పట్టుకెళ్ళి అడిగితే పోయేదేమీ లేదు.

చెరువుల వాళ్ళు ఇచ్చే మందులు కూడా ఇంటికి తేకండి. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని సీఫా అనే మంచినీటి చేపల పరిశోధన సంస్థ తయారుచేసిన సిఫాక్స్ చెరువు చేపల పుండ్లకి మంచి పేరున్న మందు. దాని మోతాదు ఒక హెక్టారు చెరువులో ఒక మీటరు లోతు నీళ్ళకి 1 లీటరు. అంటే కోటి లీటర్లకి ఒక లీటరు. ఆ లెక్కన ఒక్క చుక్క సుమారు 500 లీటర్లకి సరిపోతుంది. 50 లీటర్ల తొట్టెకి చుక్కలో పదో వంతు ఎలా కొలుస్తాం?

తొట్టెలోనా, టబ్బులోనా

తెల్ల చుక్కలు, వెల్వెట్ అయితే తొట్టె మొత్తానికీ వైద్యం చేయాలి, పరాన్నజీవి అప్పటికే నీళ్ళలో, అడుగు రాళ్ళలో ఉంటుంది. ఒక్క చేపనే తీసి లాభం లేదు. పుండు, బూజు, డ్రాప్సీ, రెక్కలు కుళ్ళడం అయితే 20 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, స్పాంజ్ ఫిల్టర్, ఎయిర్ పంపు చాలు. ఆ స్పాంజిని మామూలు రోజుల్లో పెద్ద తొట్టెలోనే ఓ మూల ఉంచండి, అవసరం పడ్డ రోజు బాక్టీరియాతో సిద్ధంగా ఉంటుంది. లేకపోతే టబ్బులో రోజూ సగం నీళ్ళు మార్చక తప్పదు, మార్చిన నీటికి సరిపడా మందూ కలపాలి.

సముద్రం వైపు, కొండల వైపు

బరంపురం, ఛత్రపురం, గోపాలపురం వైపు వేసవిలో నీళ్ళు వాటంతట అవే 30 దాటుతాయి. ఇక్కడ హీటర్ కంటే ముందు ఎయిర్ పంపు, దానికి బ్యాటరీ కావాలి. కోరాపుట్, సునాబేడా, సెమిలిగుడ వైపు డిసెంబరు రాత్రులు 10 డిగ్రీల కిందికి పోతాయి, అక్కడ లీటరుకి 1 వాటు లెక్కన హీటర్ లేకపోతే తెల్ల చుక్కలు ప్రతి చలికాలం వస్తాయి. చలిలో ఆ పరాన్నజీవి చక్రం కూడా సాగుతుంది, 25 డిగ్రీల్లో వారంలో పూర్తయ్యేది 10 డిగ్రీల్లో నెల పైన పడుతుంది. కొండల మీద వాళ్ళు మందు రోజుల లెక్క ఆ ప్రకారం పెంచుకోవాలి.

అక్టోబరు వస్తే తుఫాను మాట. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. అలాంటప్పుడు కరెంటు రోజుల తరబడి రాదు. మేత ఆపేయండి, మగ్గుతో నీళ్ళు ఎత్తి పోస్తూ ఉండండి. మూత బిగించిన క్యానిస్టర్ ఫిల్టర్ గంటల కొద్దీ ఆగితే లోపల బాక్టీరియా ఊపిరాడక చచ్చి కుళ్ళుతుంది. కరెంటు రాగానే దాన్ని అలాగే ఆన్ చేయకండి, లోపలి నీళ్ళు పారబోసి, స్పాంజి తొట్టె నీళ్ళలోనే పిండి, అప్పుడు పెట్టండి.

కొత్త చేపల సంగతి. మన షాపులకి చేపలు చాలావరకు కోల్‌కతా వైపు నుంచో చెన్నై వైపు నుంచో సంచుల్లో కట్టి వస్తాయి. దారి పొడుగునా సంచిలో అమ్మోనియా చేరుతుంది, కానీ చేప వదిలిన గాలి వల్ల పీహెచ్ పడిపోయి అది విషం కాకుండా ఉంటుంది. సంచి విప్పగానే లెక్క తిరగబడుతుంది. అందుకని షాపు నుంచి తెచ్చిన సంచిని విప్పకుండా 15–20 నిమిషాలు తేలేసి, తర్వాత చేపని వలతో ఎత్తి వేయండి, ఆ నీళ్ళు తొట్టెలో పోయకండి. అది కూడా పెద్ద తొట్టెలోకి కాదు, ఇందాకటి టబ్బులోకి, కనీసం రెండు వారాలు. షాపులో వచ్చిన రోజే చేపలు కొనకుండా వారం ఆగి, అదే తొట్టెలో ఏవీ చావలేదని చూసి కొంటే టబ్బులో చేయాల్సిన పని సగం తగ్గుతుంది.

కొన్నిసార్లు ఏదీ పనిచేయదు. డ్రాప్సీలో కళ్ళు బయటికొచ్చి, పక్కకి పడిపోయి, రోజుల తరబడి మొప్పలు మాత్రమే ఆడుతున్న చేపని అలా వదిలేయడం న్యాయం కాదు. ప్రాణంతో కాలవలో వదలొద్దు, జబ్బు అక్కడి చేపలకి పోతుంది. పంటి నొప్పికి మెడికల్ షాపులో దొరికే లవంగ నూనె కొన్ని చుక్కలు గోరువెచ్చని నీళ్ళ సీసాలో పోసి తెల్లబడేదాకా గిలకొట్టి, చేప ఉన్న గిన్నెలో కొద్దికొద్దిగా కలపాలి. ముందు నిద్రలోకి జారుతుంది. మొత్తం లీటరుకి సుమారు 0.4 మిల్లీలీటర్ల దాకా నూనె పడాలి. మొప్పల కదలిక పూర్తిగా ఆగాక కూడా పావుగంట అలాగే ఉంచి, తర్వాత మట్టిలో పూడ్చండి. వల, గిన్నె, టబ్బు ఎండలో బాగా ఆరాకే మళ్ళీ వాడండి.